బూడిదలో పోసే నీళ్లకు లెక్క కట్టండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీర మండలాల్లో ఇళ్లు, బడులు, తుపాను షెల్టర్లు, చేపల రేవులు కట్టిస్తున్న పంచాయతీరాజ్, గృహనిర్మాణ, రోడ్లు భవనాల, మత్స్యశాఖల ఇంజినీర్లకు నమస్కారం.

నాది ముత్తుకూరు మండలం. బిల్డింగ్ పనుల్లో సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మీరు సైటుకు వచ్చినప్పుడు కాంట్రాక్టర్ పక్కనే ఉంటాడు, మేస్త్రీ చూస్తూ ఉంటాడు, మీకు ఇంకో సైటుకు టైమ్ అయిపోతుంటుంది. అలాంటి చోట ఈ సంగతి మొత్తం చెప్పడం కుదరదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. ఉప్పుగాలి తగిలే ప్రతి సర్కారు కట్టడంలో థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చగా వచ్చే బూడిద కలిసిన సిమెంటు వాడించండి. ఆ కాంక్రీటుకు 14 రోజులు మంచినీళ్లు పట్టి తడిగా ఉంచడాన్ని (క్యూరింగ్) ఎస్టిమేట్‌లో విడి ఐటమ్‌గా పెట్టి, దానికి విడిగా డబ్బు ఇవ్వండి. మొదటి సగం చేసి రెండో సగం వదిలేస్తే లాభం లేకపోగా నష్టం కూడా ఉంది. ఈ లేఖ ఎక్కువగా ఆ రెండో సగం గురించే.

మైపాడు నుంచి కొత్తపట్నం దాకా సముద్రం వెంట ఏ ఊరికి వెళ్లినా స్లాబు కింద పెచ్చులూడిన ఇళ్లు, ఎర్రగా తుప్పు కారిన సన్‌షేడ్లు కనిపిస్తాయి. 2004 డిసెంబరు 26 సునామీ తరవాత మత్స్యకారులకు కట్టిన ఇళ్లలోనూ ఇలాంటివి చూశాను. కారణం మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, ఈ లేఖ చదివే ఇతరుల కోసం రాస్తాను. సిమెంటు గట్టిపడేటప్పుడు లోపల సున్నం పుడుతుంది. ఆ క్షారం ఉన్నంతకాలం చువ్వకు తుప్పు పట్టదు. గాలిలో వచ్చే ఉప్పు, అందులోని క్లోరైడు, కాంక్రీటులోని సన్నటి రంధ్రాల గుండా మెల్లగా చువ్వ దాకా చేరితే ఆ రక్షణ పోతుంది. తుప్పు పట్టిన ఇనుముకు మామూలు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి. అది లోపలినుంచి నెడుతుంది, పెచ్చు ఊడిపడుతుంది. పైన ప్లాస్టరింగ్ పూసి రంగు కొడితే ఒకటి రెండేళ్లు కనపడదు, అంతే.

సొంత ఇల్లయితే యజమాని రోజూ చూసుకుంటాడు. తుపాను షెల్టర్‌ను ఎవరు చూస్తారు? దాని తలుపు తీసేది ఏడాదికి ఒకసారో రెండుసార్లో. 1984 నవంబరు తుపాను చూసినవాళ్లు మా ఊళ్లలో ఇంకా ఉన్నారు. సముద్రం పొంగిన రాత్రి పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తి వెళ్లేది ఆ షెల్టర్‌లోకే. ఆ రాత్రి దాని స్లాబు కింద తల పెట్టుకోవడానికి ఎవరూ భయపడకూడదు.

ఇక బూడిద సంగతి. ఇటలీలో నేపుల్స్ పక్కన పోట్సువోలి అనే సముద్రపు ఊరుంది. అక్కడి అగ్నిపర్వత బూడిదను సున్నంతో కలిపి, రాళ్లు వేసి, రోమన్లు సముద్రంలోనే రేవు దిమ్మెలు పోశారు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో విట్రూవియస్ అనే ఆర్కిటెక్టు ఈ బూడిద నీళ్లలో కూడా గట్టిపడుతుందని స్పష్టంగా రాసిపెట్టాడు. బైబిల్ చదివేవాళ్లకు కైసరయ పేరు తెలుసు. ఆ రేవును హేరోదు రాజు కట్టించినప్పుడు, బూడిదను నేపుల్స్ తీరం నుంచి ఓడల్లో వేసుకుని మధ్యధరా సముద్రం తూర్పు చివరికి మోయించాడు. దగ్గర్లో దొరికే మట్టితోనో ఇసుకతోనో సరిపెట్టుకోలేదు. కింద నేల కుంగి ఆ రేవు తరవాత మునిగిపోయింది గానీ, కాంక్రీటు దిమ్మెలు సముద్రం అడుగున ఇప్పటికీ ఉన్నాయి. రోమ్ నగరంలో పాంథియన్ గుమ్మటం వ్యాసం 43 మీటర్లు. ఒక్క చువ్వ లేదు. సుమారు 1900 ఏళ్లుగా నిలబడి ఉంది.

ఆ బూడిదలో ఏముంది? నిప్పులో కరిగిన రాయి ఒక్కసారిగా గాలిలోకి చిమ్మి చల్లబడినప్పుడు, పలుకు కట్టడానికి టైమ్ దొరక్క గాజులా బిగుసుకుంటుంది. ఆ గాజులో సిలికా, అల్యూమినా ఉంటాయి. పలుకు కట్టిన మామూలు ఇసుకలోనూ సిలికా ఉంది గానీ అది సున్నాన్ని పట్టించుకోదు. గాజు రూపంలో ఉన్న సిలికా మాత్రం నీళ్ల సమక్షంలో సున్నంతో కలిసి, సిమెంటులో ఉండేలాంటి జిగురుగా మారుతుంది. రంధ్రాలు పూడుకుపోతాయి, ఉప్పు లోపలికి పోయే దారి మూసుకుపోతుంది. 2017లో యూటా విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ జాక్సన్ బృందం రోమన్ రేవుల కాంక్రీటును పరిశీలించి, దాని గుండా పారిన సముద్రపు నీటి వల్ల లోపల కొత్త ఖనిజాల పలుకులు పెరిగాయనీ, అవి కాంక్రీటును ఇంకా బిగించాయనీ చూపించింది.

మన దగ్గర అగ్నిపర్వతాలు లేవు. సుమత్రాలో టోబా అగ్నిపర్వతం దాదాపు 74,000 ఏళ్ల కిందట పేలినప్పుడు ఎగిరొచ్చిన బూడిద పొర నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఉంది. కానీ అది తవ్వి ఇటుకలు చేసుకునే వస్తువు కాదు. ఆ పొరకు పైనా కిందా దొరికిన రాతి పనిముట్లను రవి కొరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా లాంటి పురావస్తు శాస్త్రవేత్తలు అధ్యయనం చేశారు. దాన్ని ఉన్నచోటే కాపాడుకోవాలి. ఆ మాట ఎందుకంటే, అగ్నిపర్వత బూడిద అనగానే మన రాష్ట్రంలోనూ ఉందిగా అని ఎవరో ఒకరు పొక్లెయిన్ తీసుకెళ్తారేమోనని భయం.

మనకు దానితో పని కూడా లేదు. ముత్తుకూరు మండలం నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, 800 మెగావాట్ల యూనిట్లు మూడు. కృష్ణపట్నం చుట్టుపక్కల ప్రైవేటు థర్మల్ కేంద్రాలూ ఉన్నాయి. మన దేశపు బొగ్గులో బూడిద పాలు 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. బాయిలర్‌లో బొగ్గు పొడి మండినప్పుడు అందులోని మట్టి కరిగి, పొగతోపాటు పైకి లేచి, గాలిలోనే చల్లబడి చిన్నచిన్న గాజు పూసలవుతుంది. అగ్నిపర్వతం ఒక పేలుడులో చేసే పనిని ఆ బాయిలర్లు రాత్రింబగళ్లు చేస్తున్నాయి. హేరోదు ఓడల్లో మోయించుకున్న సరుకుకు దగ్గరి చుట్టం మన ఊరి పక్కనే ఉంది. మనం మాత్రం దాంతో గుంటలు పూడుస్తున్నాం, రోడ్ల కింద పోస్తున్నాం. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టుంది మన వరస.

మన పెద్దలకు ఈ కిటుకు తెలియనిది కాదు. గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపేవాళ్లు. కాల్చిన బంకమట్టి పొడి కూడా సున్నంతో ఇలాగే కలుస్తుంది. దాన్నే సుర్ఖీ అంటారు, తుంగభద్ర డ్యామ్ రాతి కట్టడంలో వాడింది ఆ సుర్ఖీనే. నెల్లూరు రైస్ మిల్లుల్లో ఊకను సరైన వేడిలో కాలిస్తే వచ్చే బూడిదలో కూడా ఇదే గుణం ఉంది. దాని గురించి ఎవరైనా పూనుకుని పనిచేస్తే ఇంకో లేఖ రాయొచ్చు.

కాంక్రీటు పనులకు మీరు పాటించే జాతీయ ప్రమాణం ఐఎస్ 456 కోడ్ కూడా నా మాటే చెబుతోంది. సముద్రపు నీళ్లు తగిలే చోట, నేరుగా తీరం మీద కట్టే చోట చువ్వలున్న కాంక్రీటు కనీసం ఎం30 గ్రేడు (బలాన్ని బట్టి కాంక్రీటుకు ఇచ్చే తరగతి) ఉండాలంటుంది. స్లాగ్ (ఇనుము కొలిమి చిట్టెం) కలిసిన సిమెంటు గానీ పొజొలానా (బూడిద లాంటివి) కలిసిన సిమెంటు గానీ వాడితే మేలని అదే కోడ్ చెబుతోంది. బజార్లో దొరికే పీపీసీ (పొజొలానా సిమెంటు) బస్తాలో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లైయాష్, అంటే థర్మల్ బూడిద, ఉంటుంది. కాబట్టి సరుకు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. మరి అడ్డం ఎక్కడుంది?

ఒక అడ్డం బస్తా మీది అంకె. తాపీ మేస్త్రీని అడిగితే, "అన్నా, 53 గ్రేడ్ ఉండగా బూడిద కలిపిన సిమెంటు ఎందుకు, బలం ఉండదు" అంటాడు. అతని తప్పు లేదు. ఓపీసీ (బూడిద కలపని మామూలు సిమెంటు) బస్తా మీద 53 అని ఉంటుంది, పీపీసీకి 28 రోజుల నాటికి ఉండాల్సిన కనీస బలం 33 మెగాపాస్కల్స్. ఎవరికైనా 53 పెద్దదిగానే కనిపిస్తుంది. కానీ ఆ అంకె నాలుగు వారాల నాటిది, పైగా అది కనీసం మాత్రమే. బూడిద పని మొదలయ్యేదే ఆలస్యంగా. సిమెంటు ముందు గట్టిపడి సున్నం ఇవ్వాలి, ఆ సున్నం దొరికాక బూడిద కదులుతుంది, నెలల తరబడి ఆ పని సాగుతుంది. అందుకని మీరు బలం పరీక్షకు కాంక్రీటు క్యూబులు పోసేటప్పుడు 28 రోజుల వాటితోపాటు 56 రోజులకూ 90 రోజులకూ కొన్ని విడిగా ఉంచి పరీక్ష చేయించండి. ఆ ఫలితాలు మేస్త్రీలకు చూపించండి. నేను నోటితో వందసార్లు చెప్పినదానికన్నా క్యూబు పగిలిన అంకె ఒక్కసారి చూస్తే వాళ్లు నమ్ముతారు. సెంట్రింగ్ కూడా ఓపీసీకి విప్పినంత తొందరగా విప్పకూడదని అప్పుడే అర్థమవుతుంది.

రెండో అడ్డం నీళ్లు. నా అసలు బాధ ఇదే. పైన చెప్పిన జిగురు తయారవ్వాలంటే కాంక్రీటులో తడి ఉండాలి. తడి ఆరిపోతే బూడిద అక్కడే నిద్రపోతుంది, రంధ్రాలు తెరుచుకునే ఉంటాయి. అంతేకాదు, బూడిద సున్నాన్ని తినేస్తుంది కాబట్టి, నీళ్లు సరిగా పట్టని పీపీసీ కాంక్రీటులో గాలిలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) చువ్వ దాకా చేరి, తుప్పును ఆపే క్షారాన్ని పోగొట్టడం ఓపీసీలో కన్నా సులువవుతుంది. నష్టం కూడా ఉందని మొదట్లో అన్నది ఇందుకే. కోడ్ ఈ సంగతి గుర్తించింది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఉంచాలనీ, దాన్ని 14 రోజులకు పెంచితే మంచిదనీ రాసింది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ మనది. ఆ ఎండలో, పడమటి గాలికి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి పైపుతో చిలకరిస్తే అరగంటలో ఆరిపోతుంది. దాన్ని క్యూరింగ్ అనలేం.

మరి సైట్లో ఎందుకు జరగదు? మీ ఎస్టిమేట్ చూడండి. కాంక్రీటు రేటులోనే "క్యూరింగ్‌తో సహా" అని ఒక మాట ఉంటుంది. అంటే నీళ్లు పట్టినా అదే బిల్లు, పట్టకపోయినా అదే బిల్లు. స్లాబు పోసిన మర్నాడే పనివాళ్లను ఇంకో సైటుకు తరలిస్తే కాంట్రాక్టర్‌కు కూలి మిగులుతుంది. పని కొలతలు రాసే ఎం బుక్‌లో కాంక్రీటు ఘనపరిమాణం ఎక్కుతుంది గానీ ఎన్ని రోజులు తడి ఉందో రాయడానికి గడే లేదు. కొలవని పని, డబ్బు రాని పని ఎవరు చేస్తారు? ఇది ఏ ఒక్క కాంట్రాక్టర్‌నో తిట్టుకునే విషయం కాదు, రేటు రాసిన పద్ధతే అలా ఉంది. అది మార్చగలిగేది మీరే.

తీరంలో ఇంకో చిక్కుంది. బోరు వేస్తే ఉప్పునీళ్లు. రొయ్యల చెరువులు వచ్చాక చాలా ఊళ్లలో పరిస్థితి మరీ దారుణం. చువ్వలున్న కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని కోడ్ చెబుతోంది. సముద్రపు నీళ్లలో అది సుమారు 19,000. ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉండే బోరు నీళ్లతో తడుపుతుంటే, బయటి ఉప్పు పదేళ్లకు చేసే పనిని మనమే మొదటి వారంలో మొదలుపెట్టినట్టు. కాంట్రాక్టర్ సైటు పక్కన బోరు ఉందిగా అంటాడు. ఊరివాళ్లు దిబ్బల్లో తాగునీటి బావుల దగ్గరికి రానివ్వరు, రానివ్వకపోవడమే న్యాయం. కాబట్టి మంచినీళ్లు లోపలి ఊళ్ల నుంచి ట్యాంకరులో రావాలి. దానికి డబ్బు కావాలి. ఆ డబ్బు ఎస్టిమేట్‌లో లేకపోతే ఆ నీళ్లు రావు.

ఈ మధ్య సెల్‌ఫోన్లలో ఒక వీడియో తిరుగుతోంది, రోమన్లు సముద్రపు నీళ్లతోనే కాంక్రీటు కలిపారు, అందుకే అది అంత గట్టిదని. దాన్ని చూపించి ఉప్పునీళ్లు పోస్తే తప్పేంటని వాదించినవాళ్లు నాకు తగిలారు. రోమన్ల కాంక్రీటులో ఇనుము లేదు. వాళ్లకు ఉప్పు చుట్టమైంది, మనకు శత్రువు. పడవల రేవుల్లో అలల్ని ఆపే దిమ్మెలు, చువ్వ వేయని పునాదులు, కాలిబాటలు, ఇలాంటి వాటిలో రోమన్ల దారిలో ఆలోచించే అవకాశం ఉంది. స్లాబుకూ పిల్లరుకూ బీముకూ ఆ వాదం అస్సలు పనికిరాదు. దయచేసి ఈ తేడా మీ కింది సిబ్బందికి గట్టిగా చెప్పండి.

విడి ఐటమ్ అంటే ఎలా ఉండాలో నా అనుభవం కొద్దీ చెప్తాను. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపాలి. పిల్లర్లకు గోనెపట్టాలు చుట్టి తడపాలి, పైన ప్లాస్టిక్ షీటు కప్పితే నీళ్లు సగం ఆదా. 14 రోజులు ఇది చూసుకునే మనిషికి రోజు కూలి, ట్యాంకరు కిరాయి, మొదటి ట్యాంకరు నీళ్లకు క్లోరైడు పరీక్ష, ఇవన్నీ ఆ ఐటమ్‌లో ఉండాలి. బిల్లు రోజుల లెక్కన ఇవ్వండి. పది రోజులే తడి ఉంటే పది రోజులకే ఇవ్వండి. సైటులో ఒక రిజిస్టరు పెట్టి, అందులో రోజూ సంతకం చేసే బాధ్యత ఊళ్లోని డ్వాక్రా మహిళలకో మత్స్యకార సంఘం సభ్యులకో అప్పగించండి. రేపు తుపాను వస్తే ఆ కప్పు కింద ఉండేది వాళ్లే కాబట్టి వాళ్లు అబద్ధపు సంతకం పెట్టరు. చువ్వ కింద పెట్టే కవర్ బ్లాకుల సంగతి కూడా ఇందులోనే చెప్పాలి. తీర ప్రాంతంలో చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు (కాంక్రీటు మందం), అలల తుంపర పడే చోట 50 ఉండాలి. కంకర ముక్క పెట్టి చువ్వను ఎత్తే అలవాటు మానకపోతే ఏ బూడిదా కాపాడలేదు.

ఖర్చు పెరుగుతుందంటారు. పెరుగుతుంది. కానీ పెచ్చులూడిన బడికి రిపేరు ఎస్టిమేట్ వేసిన అనుభవం మీ అందరికీ ఉంది. తుప్పు పట్టిన చువ్వను గీకి, కొత్తది కట్టి, మళ్లీ కాంక్రీటు పూసే పని ఎంత ఖరీదో, అంతా అయ్యాక కూడా ఎంత నమ్మకం ఉంటుందో మీకే బాగా తెలుసు.

బూడిద ఇటుకల గురించి క్లుప్తంగా. ఫ్లైయాష్, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండానే ఇటుక చేసే ఫాల్‌-జి పద్ధతిని రూపొందించింది విశాఖపట్నంలోని ఇన్‌స్వారెబ్ సంస్థకు చెందిన భానుమతీదాస్, కాళిదాస్ గార్లు. మన తెలుగు నేల మీద పుట్టిన విద్య అది. ఇప్పుడు మన జిల్లాలో చాలాచోట్ల యూనిట్లు ఉన్నాయి. కానీ కొందరు యాష్ పాండ్ (థర్మల్ కేంద్రపు బూడిద చెరువు) నుంచి ఎత్తిన తడి, గరుకు బూడిదతో పని కానిచ్చి, సరిగా నీళ్లు పట్టకముందే లారీకి ఎత్తేస్తారు. ఆ ఇటుక చేత్తో నలిపితే నలుగుతుంది. దాన్ని చూసి జనం బూడిద ఇటుకంటేనే ఇంతే అనుకుంటున్నారు. థర్మల్ కేంద్రం నుంచి పొడి బూడిద చిన్న యూనిట్లకు సకాలంలో అందేలా చూడండి. సర్కారు పనికి వచ్చే ప్రతి లోడు నుంచి కొన్ని ఇటుకలు తీసి, ఆరబెట్టి తూచి, 24 గంటలు నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచండి. మామూలు తరగతి ఇటుక 20 శాతానికి మించి నీళ్లు పీల్చకూడదు. దీనికి ఒక కాటా, ఒక తొట్టి చాలు.

చట్టం మీ వైపే ఉంది. 2021 డిసెంబరు 31న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ కేంద్రాలు తమ బూడిదనంతా వినియోగంలోకి తేవాలి, 300 కిలోమీటర్ల లోపు జరిగే నిర్మాణాల్లో బూడిదతో చేసిన సరుకు వాడాలి. నెల్లూరు, ప్రకాశం తీరమంతా ఆ పరిధిలోకే వస్తుంది. పర్యావరణం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాల్చి సిమెంటుకు మూలమైన క్లింకర్ చేస్తారు. ఒక టన్ను క్లింకర్‌కు రమారమి 0.8 నుంచి 0.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. బూడిద కలిపినంత మేరా క్లింకర్ తగ్గుతుంది. 2018లో అమెరికాలోని ఎంఐటీ, కువైట్ పరిశోధకులు కలిసి సిమెంటులో సగం అగ్నిపర్వత బూడిద వేస్తే 26 భవనాల కాలనీ కట్టడానికి పట్టే శక్తి 16 శాతం తగ్గుతుందని లెక్కగట్టారు. బూడిదను ఎంత మెత్తగా నూరితే బలం అంత పెరుగుతుందనీ చూశారు. మెత్తదనం విషయం మనకూ వర్తిస్తుంది. గరుకు బూడిదను కాంక్రీటులోకి రానివ్వొద్దు, బూడిద నాణ్యతకున్న ఐఎస్ 3812 ప్రమాణం పరీక్షలో నిలిచిందే రావాలి.

అన్ని పనుల్లో ఒకేసారి మార్చమని అడగను. వానలు వెళ్లాక మొదలయ్యే తీరపు పనుల్లో ఒక్కో డివిజన్‌కు ఒకటి చొప్పున తీసుకోండి. వీలైతే అది తుపాను షెల్టర్ కావాలి. పీపీసీ లేదా స్లాగ్ సిమెంటు, ఎం30, సరైన కవరు, 14 రోజుల మంచినీళ్లు విడి ఐటమ్‌గా రాసి ఎస్టిమేట్ వేయండి. ఆ కాగితం తెలుగులో ఒక కాపీ సైటు బోర్డు మీద అంటించండి, 56 రోజుల క్యూబు ఫలితం వచ్చాక దాని కిందే రాయండి. పక్కనే పాత పద్ధతిలో కట్టిన భవనంతో ఏటా పోల్చి చూడొచ్చు. పైఅధికారులకు ప్రపోజల్ పంపేటప్పుడు ఈ లేఖలోని ఏ మాటైనా వాడుకోండి, నా పేరు అవసరం లేదు. ఎస్టిమేట్ వేసే ముందు కబురు చేస్తే వస్తాను. మా మండలంలో ఏ ఊరి బోరు ఎంత ఉప్పగా ఉంటుందో, ట్యాంకరు ఏ దారిన రావాలో, వేసవిలో ఎక్కడ నీళ్లు దొరుకుతాయో మీతో కూర్చుని రాసిస్తాను.

ఇట్లు
ముత్తుకూరు మండలానికి చెందిన ఒక సైట్ సూపర్‌వైజర్